"ఇటుకలేనా నాన్నా?" అన్నాడు మావాడు. సంక్రాంతికి పిల్లల్ని పాత చోట్లకి ఎలా తిప్పాలి?

కోటవీధి_నాన్న
మొన్న ఆదివారం పిల్లలిద్దరినీ తీసుకుని శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం బౌద్ధ శిథిలాలు చూడ్డానికి వెళ్లాం. విజయనగరంలో బయలుదేరి, దారిలో టిఫిన్ చేసి, కొండ దగ్గరికి చేరేసరికి పదకొండయింది. ఎక్కుతున్నంతసేపూ నాకు తెలిసిందంతా చెప్పాను. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నుంచీ ఇక్కడ బౌద్ధులు ఉన్నారని, ఇవి స్తూపాలని, అవి చైత్యాలని, అంటే వాళ్ల పూజామందిరాలని. పైకి వెళ్లాక మావాడు (తొమ్మిదేళ్లు) నాలుగు వైపులా చూసి "ఇటుకలేనా నాన్నా?" అన్నాడు. పాప (ఆరేళ్లు) నీడ చూసుకుని కూర్చుని "ఇంటికెప్పుడు?" అని మొదలుపెట్టింది. ఇరవై నిమిషాల్లో దిగిపోయాం. అదే పిల్లలు కళింగపట్నం బీచ్‌లో చీకటి పడేదాకా కదల్లేదు.

ఇంటికొచ్చాక ఆ మాటే మనసులో తిరుగుతోంది. చిన్నప్పుడు మా నాన్న నన్ను సైకిల్ మీద రామతీర్థం తీసుకెళ్లేవారు. ఆ కొండలు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటాయి. మా పిల్లలకు అలాంటిది ఒక్కటైనా మిగలాలని నా ఆశ. సంక్రాంతికి బెంగళూరు నుంచి చెల్లి పిల్లలు వస్తున్నారు. పెద్దమ్మాయికి పదమూడు, చిన్నవాడికి ఎనిమిది. నలుగురు పిల్లలు, మూడు రోజులు, ఒక్క కారు. ఏం చూపించాలో నాకు తెలుసు. ఎలా చూపించాలో చెప్పండి.

నాగావళి_గట్టు
పదకొండింటికి ఎక్కారా! అక్కడే సగం పోయింది. ఏడున్నరకల్లా కొండ మీద ఉండాలి. మంచు విడుతుంటే కింద వంశధార కనిపిస్తుంది చూడండి, అప్పుడు మీరేం చెప్పకపోయినా పిల్లలు అలా చూస్తూ ఉండిపోతారు.

కవలల_అమ్మ
నాగావళి గారు చెప్పింది నిజమే. దాంతోపాటు కడుపు కూడా చూసుకోండి. ఆకలేసిన పిల్లకి అశోకుడు ఎదురొచ్చినా అక్కర్లేదు. మేం పులిహోర, చేగోడీలు, రెండు బాటిళ్లు మజ్జిగ లేకుండా ఎక్కడికీ కదలం. బాత్రూం పని దారిలో పెట్రోలు బంకు దగ్గరే అయిపోవాలి. ఇవి సర్దుకుంటేనే మిగతాది.

టెక్కలి_కుర్రాడు
అన్నా, ఏమీ అనుకోవద్దు. ఆరేళ్ల పాపకి చైత్యం ఎందుకు? బీచ్‌లో ఆడుకోనివ్వండి. పెద్దయ్యాక వాళ్లే వెళ్తారు. నన్నెవరూ తీసుకెళ్లలేదు, ఇప్పుడు నేనే వెళ్తున్నాను కదా.

కోటవీధి_నాన్న
@టెక్కలి_కుర్రాడు తమ్ముడూ, నువ్వు టెక్కలిలో పుట్టావు కాబట్టి పెద్దయ్యాక వెళ్లగలిగావు. మా చెల్లి పిల్లలు రెండేళ్లకోసారి వస్తారు. వాళ్లకి ఇది అమ్మమ్మ ఊరు మాత్రమే. ఇప్పుడు చూపించకపోతే ఇంకెప్పుడు?

పాత_సోషల్_మాస్టారు
ముప్పై ఏళ్లు పల్లెటూరి స్కూళ్లలో సోషల్ చెప్పాను. కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మీరు "క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం" అన్నారే, అక్కడే పిల్లవాడు జారిపోయాడు. వాడికి అమ్మమ్మ చిన్నతనమే ఎంతో పాతకాలం. అంకె చెబితే ఎక్కదు. కాలాన్ని చేత్తో పట్టుకోనివ్వాలి. నేను క్లాసులో తాడు వాడేవాణ్ణి. ఒక పొడుగాటి నులక తాడు తీసుకోండి. జానెడు వందేళ్లని పెట్టుకోండి. తాడు ఈ చివర ఈ రోజు. మొదటి జాన పూర్తి కాకుండానే తాతగారు పుట్టేస్తారు. జానన్నర లోపే మన విజయనగరం గంటస్తంభం, 1885. మూడు జానలకు విజయనగరం కోట, 1713. పదకొండు, పన్నెండు జానల దగ్గర ముఖలింగం గుడులు. ఇరవై రెండో జాన దగ్గరికి వెళ్తే మీ శాలిహుండం మొదలు. ప్రతిచోటా ముడి వెయ్యమనండి. ముడి వేసిన పిల్ల ఆ ముడి ఎక్కడుందో మర్చిపోదు.

రెండోది, పెట్టెలో పెట్టె. శాలిహుండానికి శాలివాటిక, శల్యపేటిక అని పాత పేర్లు చెబుతారు. శాలివాటిక అంటే వడ్ల కొట్టు. శల్యపేటిక అంటే ఎముకల పెట్టె. ఈ రెండో పేరు చెప్పి చూడండి, ఏ పిల్లవాడి కళ్లయినా పెద్దవవుతాయి. స్తూపం అంటే అదే కదా, మహానుభావుల అస్థికలు భరిణెలో పెట్టి పైన కట్టేది. అక్కడి తవ్వకాల్లో రాతి భరిణెలు, వాటి లోపల స్ఫటికపు భరిణెలు దొరికాయి. కాబట్టి ఇంట్లోనే ఒక డబ్బాలో ఇంకో డబ్బా, దాన్లో ఇంకో చిన్న డబ్బా, లోపల ఒక పువ్వు పెట్టి తీసుకెళ్లండి. కొండ మీదే విప్పించండి.

మూడోది, ఇటుక. "ఇటుకలేనా?" అన్నాడంటే మీవాడు ఇటుకల్ని చూశాడన్నమాట. అది మంచి ప్రశ్న. వాడినే కొలవమనండి.

బొబ్బిలి_వీణమ్మ
మాస్టారూ, జాన లెక్క మా ఇంట్లో ఈ రాత్రికే మొదలు.

రాజాం_రోడ్డు
స్తూపం లోపల కూడా ఉత్త ఇటుకల దిబ్బ కాదు. మన ఆంధ్రదేశంలో చాలా స్తూపాలకి అడుగున బండి చక్రంలా ఆకులు వేసి, మధ్య ఖాళీల్లో మట్టి నింపి కట్టేవారు. బీచ్‌కి ఎలాగూ వెళ్తారు కదా. తడి ఇసుకలో చక్రం గీసి, దాని మీద స్తూపం కట్టించండి. మేం కట్టాం. మా చిన్నది దాని చుట్టూ ప్రదక్షిణ కూడా చేసింది, ఎవరూ చెప్పకుండానే.

పలాస_పప్పు
చిన్న ఇటుక ముక్క ఒకటి తెచ్చుకుంటే ఇంకా గుర్తుంటుంది. మేం ఒకచోట నుంచి తెచ్చాం, షోకేసులో ఉంది.

పాత_సోషల్_మాస్టారు
@పలాస_పప్పు బాబూ, ఆ పని వద్దు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడాలకి నష్టం చేస్తే 1958 చట్టం కింద రెండేళ్ల దాకా జైలు ఉంది. చట్టం సంగతి అలా ఉంచండి. ఒక్కో పిల్లవాడు ఒక్కో ముక్క తెస్తే వాడి పిల్లలకి చూడ్డానికి కొండే మిగుల్తుంది.

పలాస_పప్పు
అర్థమైంది మాస్టారూ. ఈసారి వెళ్లినప్పుడు తిరిగి ఇచ్చేస్తాం. మావాడితోనే ఇప్పిస్తాను.

కవలల_అమ్మ
@పలాస_పప్పు ఇది చాలా బాగుంది. తెచ్చుకోవడం కన్నా తిరిగి ఇచ్చిందే వాడికి బాగా గుర్తుంటుంది.

పొందూరు_పిల్ల
నాకు పదిహేడు. ఆ పదమూడేళ్ల అమ్మాయి తరఫున నేను మాట్లాడతాను. ఆమెను చిన్నపిల్లలతో కలిపి "చూడమ్మా, ఇటుక కొలువు" అంటే కారు దిగదు. చిన్నవాళ్లని చూసుకోమని ఆమె మీద వదిలేయడం అసలు చేయొద్దు. మూడు రోజుల్లో ఒక చోటు తననే ఎంచుకోమనండి, దారి కూడా తననే చూసి చెప్పమనండి.

తనకి చెప్పాల్సిన కథ వేరు. శాలిహుండం కొండ మీద బౌద్ధ శిథిలాలున్నాయని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి గారు. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గర పర్వతాలపేట. గుడి గోడల మీది శాసనాల్ని ఎవరి సాయమూ లేకుండా తనంతట తనే చదవడం నేర్చుకున్నారు. ఆగస్టు 29న మనం చేసుకునే తెలుగు భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఇది తెలిసి ముఖలింగం వెళ్తే ఆ గోడలు వేరేలా కనిపిస్తాయి. నాకు అలాగే కనిపించాయి. ఫోన్‌లో ఫొటో తీసి, పెద్దది చేసి, ఒక్కో అక్షరం పోల్చుకుంటూ కూర్చున్నాను. గంటకి ఐదో ఆరో దొరికాయి. ఆ సంతోషం చెప్పలేను.

మా ఊరు కూడా రండి. పొందూరు ఖద్దరుకి పత్తి దువ్వేది దేంతోనో తెలుసా? వాలుగ చేప దవడ ఎముకతో. పళ్లు సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. వేలు పెట్టి చూసి మా తమ్ముడు "చేప దువ్వెన" అని పేరు పెట్టాడు.

కోటవీధి_నాన్న
@పొందూరు_పిల్ల అమ్మా, ఆ చిన్నవాళ్లని చూసుకోమనే పని నేను చేయబోతున్నాను. ఆపేశాను. థాంక్స్.

సరుబుజ్జిలి_బావ
దంతవరపుకోట ఎవరూ చెప్పలేదే? మా పక్కనే. బుద్ధుడి పన్ను దాచిన దంతపురం అదే. పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి!

విజినారం_లైబ్రరీ
అదే అని ఖాయంగా చెప్పకండి. దంతపురం ఎక్కడన్న దానిమీద చరిత్రకారుల్లో వాదాలున్నాయి. పూరీ అన్నవాళ్లూ ఉన్నారు. పిల్లలకి అబద్ధం నేర్పిస్తే రేపు వాళ్లే మనల్ని నిలదీస్తారు.

సరుబుజ్జిలి_బావ
ప్రతి కథకీ ఫుట్‌నోట్ పెడితే పిల్లలు నిద్రపోతారు బావా. మా అమ్మమ్మ చెప్పింది, నేను నమ్మాను, ఆ నమ్మకంతోనే ఆ మట్టికోట గట్టంతా తిరిగాను.

పాత_సోషల్_మాస్టారు
"అంటారు" అన్న ఒక్క మాట చాలు. "ఇక్కడే బుద్ధుడి పన్ను ఉండేదని అంటారు." కథకి కథ ఉంది, అబద్ధం లేదు. పైగా "ఎవరంటారు?" అని పిల్లవాడు అడుగుతాడు. అలా అడిగాడంటే చరిత్ర చదవడం మొదలైనట్టే.

కొత్తపేట_రాజుగారు
మూడు రోజుల్లో ఒక రోజు విజయనగరానికే ఉంచుకోండి. కోట ముందు నిలబెట్టి చేతివేళ్లు లెక్కపెట్టమనండి. ఊరి పేరు విజయ, కట్టించిన రాజు పేరు విజయ, సంవత్సరం విజయ, రోజు విజయదశమి, వారం మంగళవారం, అంటే జయవారం. ఐదు వేళ్లకి ఐదు. తర్వాత ముందు గోడ పొడవునా అడుగులు లెక్కపెడుతూ నడిపించండి. కోట నలుచదరం, ఒక్కో వైపు సుమారు 240 మీటర్లు. మా పిల్లలు ముగ్గురికీ మూడు లెక్కలు వచ్చాయి, ఎవరిది కరెక్టో తేల్చుకోడానికి మళ్లీ నడిచారు. అటునుంచి గంటస్తంభం, 68 అడుగులు.

బొబ్బిలి_వీణమ్మ
విజయనగరం చూపిస్తే బొబ్బిలి కూడా చూపించాలి. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. అందులోనూ మీరు వెళ్లేది జనవరిలోనే.

కొత్తపేట_రాజుగారు
@బొబ్బిలి_వీణమ్మ అక్కా, ఆ కథ ఆరేళ్ల పాపకి ఎలా చెప్తారు? కోట పడిపోతోందని తెలిసి లోపల ఆడవాళ్లని, పిల్లల్ని వాళ్లవాళ్లే చంపుకున్నారు. నేను మా పిల్లలకి ఇంతవరకూ చెప్పలేదు. ఇంకో సంగతి, మా ఊరి రాజుని విలన్‌ని చేసి చెప్పడం నాకు కష్టంగా ఉంటుంది. స్కూల్లో మా పాపని "మీరే కదా ఫ్రెంచివాళ్లని తెచ్చింది" అన్నారట. ఏడుస్తూ వచ్చింది.

బొబ్బిలి_వీణమ్మ
పాపని అలా అనడం తప్పు. రెండొందల అరవై ఏళ్ల కిందటి పగకి ఈనాటి పిల్లకి ఏం సంబంధం? నేను చెప్పే పద్ధతి ఇది. చిన్నపిల్లలకి ఆ యుద్ధంలో బతికి బయటపడ్డ పిల్లవాడి కథ చెప్తాను. బొబ్బిలి రాజు రంగారావు గారి కొడుకు, పసివాడు. కోటలో అంత జరిగినా వాడిని కాపాడారు. ఆ వంశం, ఆ సంస్థానం మళ్లీ నిలబడ్డాయి. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు డేరాలోకి వెళ్లి విజయనగరం రాజు విజయరామరాజుని చంపడం పదేళ్లు దాటిన వాళ్లకి చెప్తాను. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, రెండు సంస్థానాల మధ్య పంతం, మధ్యలో బయటివాడు ఎలా లాభపడ్డాడన్నది పదమూడేళ్ల అమ్మాయికి చెప్పొచ్చు. జరిగింది ఒకటే, ఏ వయసుకి ఎంత కావాలో అంతే తలుపు తీస్తాను.

బొబ్బిలిలో యుద్ధ స్మారక స్తంభం దగ్గర నిలబడి దణ్ణం పెట్టాక గొల్లపల్లి తీసుకెళ్లండి. అక్కడ పనసదుంగని తొలిచి వీణ చేస్తారు. లోపల తొలుస్తుంటే పసుపుపచ్చటి పొట్టు రాలుతుంది. మావాడు గుప్పెడు జేబులో వేసుకున్నాడు. ఇది తెచ్చుకున్నా ఎవరూ ఏమీ అనరు, పలాస పప్పు గారూ.

కొత్తపేట_రాజుగారు
పసివాడి దగ్గర మొదలుపెట్టడం నాకు తట్టలేదక్కా. ఈ 24న మా పిల్లల్ని తీసుకొస్తాను.

బొబ్బిలి_వీణమ్మ
మా ఇంట్లోనే భోజనం.

అరసవల్లి_వీధి
శ్రీకూర్మం మర్చిపోవద్దు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. రెండు ధ్వజస్తంభాలు ఉంటాయి, పిల్లల్నే వెతకమనండి. మండపం స్తంభాల నిండా శాసనాలు. మా పాప "ర" దొరికిందని గట్టిగా అరిచింది, పూజారి గారు నవ్వారు.

భక్తుడు_నరసన్నపేట
అన్నీ బాగున్నాయి కానీ గుడి గుడే. ముఖలింగం, శ్రీకూర్మం, అరసవల్లి నిత్యపూజలు జరిగే చోట్లు. అక్కడ కొలతలు, ఆటలు, అరుపులు నాకు నచ్చవు. ముందు దణ్ణం పెట్టుకోవడం నేర్పండి.

అరసవల్లి_వీధి
మీరన్నదాంట్లో న్యాయం ఉంది. మేం ముందు దర్శనం చేసుకుంటాం, తర్వాత బయట మండపంలోనే వెతుకులాట. తాబేళ్లని ముట్టుకోనివ్వం. కానీ పిల్ల సంతోషంతో ఒక అక్షరం పేరు పెట్టి అరిస్తే కూర్మనాథుడికి కోపం వస్తుందనుకోను.

భక్తుడు_నరసన్నపేట
దర్శనం ముందైతే నాకు అభ్యంతరం లేదు. అలాగైతే నేనూ ఒకటి చెప్తాను. ముఖలింగంలో మధుకేశ్వరుడి గర్భగుడి వెనక పెద్ద మట్టి గోలెం ఉంది. పిల్లల కోసం మొక్కుకున్న కుమ్మరి ఒకాయన చేసి ఇచ్చాడని, గుమ్మం పట్టకపోతే దేవుడే లోపలికి తెచ్చుకున్నాడని పెద్దలు చెబుతారు. మీ నలుగురినీ దాని ముందు నిలబెట్టి "ఇది లోపలికి ఎలా వచ్చింది?" అని అడగండి. మీరు మాత్రం ఏమీ చెప్పకండి. మధుకం అంటే ఇప్పచెట్టు అని కూడా చెప్పండి, స్వామి ఆ చెట్టు మొదట్లోనే వెలిశాడని స్థలపురాణం.

విజినారం_లైబ్రరీ
పెద్దమ్మాయికి ఇంకొకటి. ముఖలింగమే తూర్పు గంగుల పాత రాజధాని కళింగనగరమని చరిత్రకారులు చెబుతారు. పూరీ జగన్నాథుడి పెద్దగుడి మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగుడిది ఆ వంశమే. తర్వాత కోణార్క్ కట్టించిన నరసింహదేవుడిదీ ఆ వంశమే. కోణార్క్ ఫొటోలు చూసే పిల్లకి "దీని మూలం మీ అమ్మమ్మ ఊరి పక్కన ఉంది" అంటే ఫోన్ పక్కన పెడుతుంది.

ఆమదాలవలస_టేషన్
దన్నానపేట దగ్గర రాకాసి గుడి లాంటి రాతి కట్టడం ఉంది. చరిత్రకు ముందటి కాలపు సమాధి. పైన కప్పు ఒకే ఒక్క బండ. క్రేన్ లేని రోజుల్లో దాన్ని ఎలా ఎత్తారో పిల్లల్నే అడగండి. దారిలోనే, అరగంట చాలు.

నాగావళి_గట్టు
రోజుకి ఒకటే పెద్ద చోటు అన్నా. అందరూ చెప్పినవన్నీ మూడు రోజుల్లో పెడితే నలుగురూ కార్లోనే పడుకుంటారు.

కోటవీధి_నాన్న
(జనవరి 18)
అందరికీ చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. పిల్లలు నిన్న రాత్రే రైలెక్కారు, ఇల్లు బోసిగా ఉంది.

భోగి ముందురోజు సాయంత్రం తాడు మొదలుపెట్టాం. ఎవరి జాన అన్న దాని మీద అరగంట గొడవ. చివరికి అమ్మ జాన ఖాయం చేశారు. అమ్మ అరుగు మీద కూర్చుని తాడు మీద చెయ్యి చాపి చాపి కొలుస్తుంటే, నలుగురూ చుట్టూ కూర్చుని లెక్కపెట్టారు. తాతగారు పుట్టిన చోట ముడి అమ్మే వేసింది. ఆ ముడి వేస్తూ కాసేపు చెయ్యి తీయలేదు. పిల్లలూ ఏమీ అనలేదు. శాలిహుండం ముడి అరుగు దాటి తులసికోట దగ్గర పడింది.

కనుమ మర్నాడు పొద్దున్న ఏడున్నరకి కొండ మీద ఉన్నాం. మాస్టారూ, మావాడు సంచి పక్కన పడేసి నేరుగా ఇటుకల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. పాప చెయ్యి పెట్టి కొలిచింది, తన జానతో మూడు. ఇంటి దగ్గర కొత్తగా కడుతున్న గోడ ఇటుక రెండు జానలు కూడా రాదని వాడికి గుర్తుంది. "అంత బరువైంది ఇంత పైకి ఎవరు మోశారు?" అన్నాడు. అదే పిల్లవాడు! డబ్బాలో డబ్బా విప్పితే లోపల అమ్మ పెట్టిన బంతిపువ్వు. దాన్ని స్తూపం పక్కన పెట్టి వచ్చారు. ఎనిమిదేళ్ల మేనల్లుడు మాత్రం అన్నింటికన్నా కొండ దిగువన మేకల వెంటే ఎక్కువసేపు ఉన్నాడు. ఉండనిచ్చాను.

పెద్దమ్మాయి ముఖలింగం ఎంచుకుంది. శాసనం ముందు కూర్చుని పిలిస్తే పలకలేదు. మూడు అక్షరాలు పోల్చుకుంది. బెంగళూరులో తెలుగు మాట్లాడ్డానికే మొహమాటపడే పిల్ల, వెయ్యేళ్ల కిందటి తెలుగక్షరం మీద వేలు తిప్పుతూ ఉంటే మా చెల్లికి కళ్లనీళ్లు వచ్చాయి. దన్నానపేట కుదరలేదు. బొబ్బిలి కూడా కుదరలేదు, వేసవికి ఉంచాం.

పొందూరు_పిల్ల
ఏ అక్షరాలో అడిగారా? ఫొటో ఉంటే పెట్టమనండి, కలిసి చదువుతాం.

భక్తుడు_నరసన్నపేట
గోలెం సంగతి చెప్పలేదు మీరు.

కోటవీధి_నాన్న
చెప్తాను. పాప "దేవుడే తెచ్చుకున్నాడు" అంది, ఇక మాట మార్చలేదు. మేనల్లుడు "ముందు గోలెం పెట్టి, తర్వాత చుట్టూ గుడి కట్టారు" అన్నాడు. మావాడు ఒప్పుకోలేదు. మట్టి బుట్టల్లో తెచ్చి లోపలే చేశారన్నాడు. దానికి పెద్దమ్మాయి "మరి ఎక్కడ కాల్చారు? గుడంతా పొగ కదా" అంది. ఆమదాలవలస దాకా కార్లో ఇదే వాదన. నిన్న స్టేషన్లో రైలు కదులుతుంటే కూడా మావాడు ప్లాట్‌ఫాం మీద నుంచి "కుమ్మరి తాతని అడిగి ఫోన్ చేస్తా" అని అరిచాడు. ఇప్పుడు కుమ్మరి తాతని ఎక్కడ తేవాలి?

భక్తుడు_నరసన్నపేట
మా వీధి చివర కుమ్మరి ఇళ్లున్నాయి. వచ్చే ఆదివారం ఆవం పెడతారట, అంటే కుండలు కాలుస్తారట. పొద్దున్నే తీసుకురండి.